ముందు పెట్టె, ఆ తరువాతే బోర్డు: తక్కువ ఖర్చులో ఇంట్లో చేసుకునే గిటారు పెడల్‌బోర్డు

మీ ప్రశ్న సారాంశం ఇది. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నారు. మీ దగ్గర ట్యూనర్ (శ్రుతి చూసేది), ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చేసేవి), కోరస్ (ఒక్క గిటారును గుంపుగా వినిపించేది), డిజిటల్ డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) అనే ఐదు పెడళ్లు, అంటే గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్య పెట్టి కాలితో నొక్కే చిన్న పరికరాలు, ఉన్నాయి. ఆదివారాలు చర్చిలోనూ, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలోనూ వాయిస్తున్నారు, ప్రయాణమంతా బస్సులోనే. రెండున్నర వేల రూపాయలలో పెడల్‌బోర్డు (పెడళ్లన్నిటినీ బిగించే పలక), దాన్ని మోసుకెళ్లే పెట్టె ఇంట్లోనే చేసుకోవచ్చా, ఏ చెక్క వాడాలి, ఇంట్లో ఊరికే పడి ఉన్న రూటర్ అడాప్టరుతో పెడళ్లు నడపవచ్చా, రేపు వా పెడల్ (పాదంతో ముందుకూ వెనక్కూ ఊపే పెద్ద పెడల్) కొంటే దానికి ఇప్పుడే చోటు వదలాలా అని అడిగారు.

చేసుకోవచ్చు. పాత గట్టి సూట్‌కేసు ఒకటి, 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు, వెల్క్రో, మంచి అడాప్టర్లు రెండు, చేత్తో టంకం పెట్టుకున్న ప్యాచ్ కేబుళ్లు (ఒక పెడల్‌ను పక్క పెడల్‌కు కలిపే పొట్టి కేబుళ్లు), ఇవన్నీ మీ బడ్జెట్‌లో వస్తాయి. రూటర్ అడాప్టరు మాత్రం వద్దు. పెట్టె చేతికి వచ్చాకే బోర్డు కొలతలు వేసుకోండి. చాలామంది ముందు బోర్డు చేసి, దానికి సరిపోయే పెట్టె కోసం ఊరంతా తిరుగుతారు. నేనూ అలా తిరిగినవాణ్ణే.

నేను విజయనగరంలో ఉంటాను, పదిహేడేళ్లుగా ఆర్కెస్ట్రాలలో గిటారు వాయిస్తున్నాను. నా మొదటి బోర్డును ఒక పాత కంప్యూటరు బల్ల పైపలకతో చేశాను. నున్నగా, నల్లగా, కొన్న వస్తువులాగే ఉండేది. గజపతినగరం వైపు ఒక పెళ్లిలో వాయించి రాత్రి బండి మీద వస్తుంటే వాన పట్టుకుంది. బోర్డును గోనెసంచిలో చుట్టాను కానీ ఇంటికొచ్చి చూసేసరికి అంచులు టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బిపోయి, స్క్రూలు వేలితో లాగితే ఊడి వచ్చాయి. ఆ బల్ల పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. స్క్రూ పట్టు కూడా తక్కువ. ఎం.డి.ఎఫ్. (చెక్క నారను అదిమి చేసిన పలక) కూడా నీటి విషయంలో ఇంచుమించు ఇదే రకం. మన తీరం గాలిలో ఉండే తేమకు ఈ రెండూ పనికిరావు, ఉచితంగా దొరికినా వద్దు.

ఇక పెట్టె ముందు ఎందుకంటే: బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణ చేస్తారు కదా, ఆ వీణకు పెట్టె కావాలంటే వీణను చూసే చేయాలి, ఎందుకంటే పెట్టె కోసం వీణను కోయలేం. మన పరిస్థితి దానికి తలకిందులు. పాత సూట్‌కేసు కొలతను మనం మార్చలేం, బోర్డును మాత్రం రంపంతో ఎలా కావాలంటే అలా కోసుకోగలం. కాబట్టి మారనిదాన్ని ముందు సంపాదించి, మారగలదాన్ని దానికి సర్దాలి.

పాత సామాన్ల దుకాణాలలోనూ, బంధువుల ఇళ్ల అటకల మీదా గట్టి ప్లాస్టిక్ చిప్పల సూట్‌కేసులు ఇప్పటికీ దొరుకుతాయి. చక్రాల బ్యాగులు వచ్చాక వాటిని ఎవరూ వాడడం లేదు. కొనేముందు మడతబందులు, రెండు తాళాలు, పిడి చూడండి. తాళాలు రెండూ ఒకేసారి గట్టిగా పడాలి, ఒకటి వదులుగా ఉన్నా వదిలేయండి. లోపలి కొలత పొడవు 46, వెడల్పు 34, లోతు 16 సెంటీమీటర్లకు తగ్గకూడదు. లోతు దగ్గరే అందరూ మోసపోతారు. నా రెండో బోర్డుకు ఆఫీసులకు పట్టుకెళ్లే సన్న బ్రీఫ్‌కేసు ఒకటి ముచ్చటపడి తీసుకున్నాను. పొడవు, వెడల్పు చక్కగా సరిపోయాయి. మూత కొంచెం బిగువుగా ఉందని మోకాలు పెట్టి నొక్కి మూశాను. తెరిచి చూస్తే డిలే పెడల్ నాబ్ ఒకటి పక్కకు ఒరిగి ఉంది, నాబ్ కింద లోపల తిరిగే ఇరుసు వంగిపోయింది. ఆ మరమ్మతుకు పెట్టిన డబ్బుతో రెండు సూట్‌కేసులు వచ్చేవి.

ఆ 16 సెంటీమీటర్ల లెక్క ఇలా వస్తుంది. బోర్డు వెనక వైపు ఎత్తు 5, ప్లైవుడ్ మందం 1.2, పెడల్ ఎత్తు సుమారు 6, కలిపి పన్నెండుకు కొంచెం పైన. కింద ఫోమ్ 2, మూతకు అంటించే ఫోమ్ ఒకటిన్నర. పెడళ్లు తయారుచేసే బాస్ (Boss) కంపెనీ చిన్న పెడళ్లు 73 మి.మీ. వెడల్పు, 129 మి.మీ. పొడవు, 59 మి.మీ. ఎత్తు ఉంటాయి, చాలా ఇతర కంపెనీల పెడళ్లు కూడా దీనికి అటూ ఇటూగానే ఉంటాయి. అయినా నా అంకెలు నమ్మి కోయవద్దు. ఒక అట్టపెట్టె మూతను సూట్‌కేసు లోపలి కొలతకు కత్తిరించి, దాని మీద మీ ఐదు పెడళ్లను, ప్యాచ్ కేబుళ్లు గుచ్చిన తరువాత, పరిచి చూడండి. కేబుల్ గుచ్చకుండా పరిస్తే అన్నీ హాయిగా పట్టినట్టే కనిపిస్తాయి. పక్కపక్క పెడళ్ల జాక్‌లు ఎదురెదురుగా వస్తే మధ్యలో కనీసం నాలుగు సెంటీమీటర్లు వదలవలసి వస్తుంది. ఆ అట్ట మీద కాలు పెట్టి, పక్క పెడల్‌కు తగలకుండా ఒక్కొక్కటీ నొక్కగలుగుతున్నారో లేదో కూడా చూసుకోండి.

మీ ఐదింటికి ముందు వరుసలో మూడు, వెనక వరుసలో రెండు పెట్టి, 40 × 30 సెం.మీ. బోర్డు సరిపోతుంది. సూట్‌కేసు 46 ఉంటే పక్కన మిగిలే ఆరు సెంటీమీటర్ల సందు వృథా కాదు, అడాప్టర్లకు, గిటారు కేబుల్‌కు అదే అర.

బోర్డును ఒకే పలకగా కాక రెండు పట్టీలుగా చేయండి. 40 × 13 సెం.మీ. ముక్కలు రెండు, వాటి మధ్య నాలుగు సెంటీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలోంచి వైర్లన్నీ కిందికి దిగిపోతాయి, బరువూ తగ్గుతుంది. ఈ కొలతకు పెద్ద షీటు కొననక్కరలేదు. ప్లైవుడ్ దుకాణంలోనో, అల్మరాలు చేసే వడ్రంగి దగ్గరో మిగులు ముక్కలు అడగండి. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. (భారత ప్రమాణం) 303 అని ఉంటే మామూలు వాడకానికి, ఐ.ఎస్. 710 అని ఉంటే నీటికి బాగా తట్టుకునే మెరైన్ రకం. 303లోనే ఎం.ఆర్. (తేమకు ఆగేది), బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటికీ ఆగేది) అని రెండు తరగతులు ఉంటాయి, రెండోది దొరికితే చాలు. మెరైన్ ముక్క అదే ధరకు వస్తే కాదనకండి కానీ దాని కోసం వెతకవద్దు. టేకు, పనస గట్టివే కానీ భుజాన మోసేవాడికి అవి శిక్ష.

పట్టీలకు కింద రెండు పక్కలా ఏటవాలు కాళ్లు కావాలి. 30 × 7 సెం.మీ. ఉన్న, రెండు సెంటీమీటర్ల మందం గల మామూలు కర్రముక్క మీద ఒక కొసన కింది అంచు నుంచి 2 సెం.మీ., రెండో కొసన అదే అంచు నుంచి 5 సెం.మీ. గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తులను గీతతో కలిపి కోస్తే, ఒక్క కోతతో రెండు కాళ్లూ ఒకే కొలతలో వస్తాయి. ముందు 2, వెనక 5 ఎత్తు, పాదానికి ఆ వాలు చాలు. కాళ్లకు చెక్క జిగురు రాసి, పైనుంచి స్క్రూలు దించండి. స్క్రూ కన్నా సన్నని బిట్‌తో ముందుగా రంధ్రం వేయకపోతే కర్ర చీలుతుంది. ఒక్కొక్క పట్టీ మధ్యభాగం కింద చిన్న దిమ్మ పెట్టండి. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు ప్లై కొద్దిగా కుంగి, కేబుల్ జాక్‌లు కదులుతాయి. ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, ప్రైమరు ఒక కోటు, నలుపు పెయింటు రెండు కోట్లు వేయండి. పైముఖం కన్నా అంచులకే ఎక్కువ పెయింటు పట్టించాలి, ఎందుకంటే తేమ ప్లైలోకి దూరేది అంచుల పొరల మధ్యనుంచే. అడుగున రబ్బరు బుడిపెలు స్క్రూలతో బిగిస్తే నున్నని గచ్చు మీద జారదు.

కిటికీలు చేసే అల్యూమినియం దుకాణంలో మిగిలిన సెక్షన్ ముక్కలతోనూ బోర్డు చేయించుకోవచ్చు. మరీ తేలికగా ఉంటుంది, వాళ్ల దగ్గరే రివెట్ గన్ ఉంటుంది. నా ఇప్పటి బోర్డు అదే. అయితే కోసిన అంచులను ఆకురాయితో బాగా అరగదీయాలి. గుడి వేదికల మీద చెప్పులు విప్పి వాయిస్తాం కనుక ఈ మాట మరీ చెబుతున్నాను. నా కుడికాలి బొటనవేలి మీద ఇప్పటికీ చిన్న గీత ఉంది.

పెడళ్లను అతికించడానికి వెల్క్రో మంచిదే. మెత్తటి వైపు బోర్డుకు, ముళ్ల వైపు పెడళ్లకు అంటించడం వాడుక. వెనక జిగురుతోనే వచ్చే వెల్క్రో మన మే నెల ఎండకు కరిగి జారుతుంది. ఏప్రిల్‌లో అంటించిన పెడల్ జూన్‌కు బంకతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. కాబట్టి బోర్డు వైపు పట్టీని రెక్సిన్ అంటించే రబ్బరు జిగురుతో అంటించి, కొసలకు చిన్న మేకులు కొట్టండి. ఆ జిగురును రెండు ముఖాలకూ రాసి, తాకితే వేలికి అంటనంత వరకూ ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. తడిగా ఉండగా అదిమితే పట్టదు. పెడల్ అడుగున రబ్బరు తొడుగు ఉంటే దాని మీద ఏ వెల్క్రో నిలవదు. అలాంటి వాటికి పాత సైకిల్ చైను వాడతాను. సైకిల్ షాపులో పారేసే చైను నుంచి ఒక్కొక్క లంకెను విడదీసి, కిరోసిన్‌తో మడ్డి కడిగి, ఒక రంధ్రాన్ని పెడల్ అడుగు స్క్రూకి, రెండో రంధ్రాన్ని బోర్డు స్క్రూకి బిగించాలి. ఒక పెడల్‌కు ఎదురెదురు మూలలలో రెండు లంకెలు చాలు, బోర్డును తిరగేసి ఊపినా కదలదు.

ఇక కరెంటు. నిజానికి మీ డబ్బులో పెద్ద వాటా పోవలసింది ఇక్కడికే, చెక్కకూ పెట్టెకూ కాదు.

గిటారు పెడళ్లలో ఎక్కువ భాగం 9 వోల్టుల డి.సి. మీద నడుస్తాయి, పిన్ను మధ్యభాగం నెగటివ్. రూటర్లతో, సెట్‌టాప్ బాక్సులతో వచ్చే అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులవి, మధ్యభాగం పాజిటివ్. పిన్ను సైజు ఒకటే కావడం వల్ల చక్కగా దూరిపోతుంది, ప్రమాదం అక్కడే. కొన్ని పెడళ్లలో రక్షణ డయోడ్ ఉండి అది కాలిపోయి మిగతాదాన్ని కాపాడుతుంది, కొన్నిటిలో నేరుగా చిప్పే పోతుంది. అడాప్టరు మీద ఒక చుక్కను చుట్టి అర్ధవలయం, దానికి రెండు పక్కలా ప్లస్, మైనస్ గుర్తులు ఉండే చిన్న బొమ్మ ఉంటుంది. చుక్కకు కలిసిన గుర్తు మైనస్ అయి ఉండాలి, వోల్టులు 9 ఉండాలి. ఈ రెండూ సరిపోయాక ఆంపియర్లు ఎంత ఎక్కువున్నా భయం లేదు. పెడల్ తనకు కావలసినంత కరెంటే లాక్కుంటుంది. వోల్టులు ఎక్కువైతేనే చేటు.

ఒక్కొక్క పెడల్‌కు ఎన్ని మిల్లీ ఆంపియర్లు కావాలో దాని అడుగునో, పుస్తకంలోనో ఉంటుంది. అవన్నీ కూడి, ఆ మొత్తానికి కనీసం మూడో వంతు అదనంగా ఇవ్వగల అడాప్టరు కొనండి. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ లాంటి అనలాగ్ పెడళ్లకు మామూలుగా 30 లోపే సరిపోతుంది. డిజిటల్ డిలే ఒక్కటే వాటన్నిటినీ కలిపినదానికన్నా ఎక్కువ తాగవచ్చు, కొన్నిటికి 200 పైనే కావాలి.

ఒకే అడాప్టరు నుంచి కొమ్మలుగా చీలే వైరుతో, అంటే డైసీ చైన్‌తో, ఐదింటికీ ఇస్తే నడుస్తాయి. కానీ డిజిటల్ పెడల్ లోపలి గడియారపు (చిప్‌ను నడిపే క్లాక్ సంకేతపు) చప్పుడు నెగటివ్ తీగ మీదుగా మిగతా పెడళ్లలోకి చేరి, డిస్టార్షన్ వేయగానే దోమ ముసిరినట్టు సన్నటి కూత వినిపిస్తుంది. పెడళ్లు ప్యాచ్ కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ద్వారా ఒకసారి, కరెంటు వైరు ద్వారా ఇంకోసారి కలవడంతో గ్రౌండ్ తీగ వలయంలా ఏర్పడడం కూడా దీనికి తోడవుతుంది. దీనికి అసలు మందు ఒక్కొక్క అవుట్‌పుట్ విడివిడిగా ఉండే ఐసొలేటెడ్ పవర్ సప్లై, కానీ అది మీ మొత్తం బడ్జెట్‌ను మించిపోతుంది. పేదవాడి మందు రెండు అడాప్టర్లు: నాలుగు పెడళ్లకు డైసీ చైన్‌తో ఒకటి, డిజిటల్ డిలేకు విడిగా ఇంకొకటి. నేను చేసిచ్చిన బోర్డులలో ఎక్కువ వాటికి ఈ ఒక్క మార్పుతోనే కూత పోయింది. పాత జెర్మేనియం ఫజ్ పెడళ్లు (పాత తరం ట్రాన్సిస్టర్లతో గరుకు ధ్వని ఇచ్చేవి) కొన్ని పాజిటివ్ గ్రౌండ్‌వి, అంటే ప్లస్ వైపు గ్రౌండ్‌కు కలిసినవి, ఉంటాయి. ఎప్పుడైనా అలాంటిది కొంటే దాన్ని మిగతావాటితో ఒకే చైన్‌లో కలపకండి, దానికి బ్యాటరీయే మేలు.

230 వోల్టుల తీగను బోర్డు కిందికి తీసుకురావద్దు. అడాప్టర్లు రెండూ వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే ఉంచి, 9 వోల్టుల తీగలు మాత్రమే బోర్డుకు రానివ్వండి. పందిళ్లలో జనరేటరు మీద వాయించేటప్పుడు హమ్ (గుయ్యిమనే మోత) వస్తోందని ఎవరైనా ఆంప్లిఫయరు ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేయమంటారు. ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. ఎర్త్ సరిగా లేని చోట ఒక చెయ్యి గిటారు తీగల మీద ఉండగా పెదవి మైక్‌కు తగిలితే షాక్ కొడుతుంది. నేను పాట మొదలుపెట్టే ముందు టెస్టర్ స్క్రూడ్రైవరుతో మైక్ జాలీనీ, గిటారు తీగలనూ ఒకసారి తాకి చూస్తాను. బల్బు వెలిగితే జనరేటరు వాళ్లను పిలుస్తాను.

ప్యాచ్ కేబుళ్లు ఐదు పెడళ్లకు నాలుగు చాలు. ప్లాస్టిక్‌తో అచ్చుపోసిన చవక కేబుళ్లలో తీగ తెగితే విప్పి బాగుచేయడానికి ఉండదు. స్పీకర్లు, మైకులు బాగుచేసే దుకాణంలో 6.35 మి.మీ. మోనో, మూలకు వంగిన లోహపు జాక్‌లు ఎనిమిది, షీల్డు ఉన్న మైక్ కేబుల్ ఒక మీటరు తీసుకోండి. మైక్ కేబుల్‌లో లోపలి తీగలు రెండు ఉంటాయి. ఒకదాన్ని జాక్ కొనకు, రెండోదాన్ని షీల్డుతో పురి పెట్టి జాక్ ఒంటికి టంకం పెట్టండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. ముందు లోహపు రేకును వేడి చేసి దాని మీద టంకం కరిగించాలి కానీ, కరిగిన టంకాన్ని తెచ్చి చల్లని రేకు మీద వేస్తే ముత్యంలా నిలబడి, నెల తిరక్కుండా ఊడిపోతుంది. మల్టీమీటరు బీప్ మీద పెట్టి కొన నుంచి కొనకు, ఒంటి నుంచి ఒంటికి మోగుతున్నదో, కొనకూ ఒంటికీ మధ్య మోగకుండా ఉన్నదో చూడండి. కేబుల్‌ను వేళ్లతో అటూ ఇటూ వంచుతూ కూడా చూడండి, బీప్ తడబడితే మళ్లీ విప్పవలసిందే. పెడళ్ల వరుస మీరు రాసిన క్రమమే బాగుంది.

పెట్టె లోపలి పని త్వరగా అయిపోతుంది. సోఫాలు బాగుచేసేవారి దగ్గర ఫోమ్ ముక్కలు అడగండి. అడుగున గట్టి ఫోమ్, మూతకు మెత్తటిది, అదే రబ్బరు జిగురుతో అంటించండి. బోర్డు లోపల కదలకుండా రెండు చోట్ల నవారు పట్టీలు వేసి, మధ్యలో వెల్క్రో కుట్టించండి. మంచానికి వాడే నవారు తెగదు, ఆటో సీట్లు కుట్టే మిషను మీద నిమిషంలో కుట్టేస్తారు. ప్లైవుడ్‌తోనే కొత్త పెట్టె చేయాలని ఎవరైనా అంటే బరువు లెక్క చెప్పండి. 46 × 36 × 16 సెం.మీ. పెట్టె 12 మి.మీ. ప్లైతో చేస్తే ఉత్త పెట్టే నాలుగు కిలోలు దాటుతుంది, 6 మి.మీ. తో చేసినా రెండు కిలోల పైమాటే, మూలలకు రేకులు అదనం. మీ ఐదు పెడళ్లు కలిపి రెండు కిలోలు, బోర్డు కిలోన్నర లోపు ఉంటాయి. వానాకాలంలో మందుల డబ్బాలలో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు లోపల పడేయండి, జాక్‌లు తుప్పు పట్టవు. బస్సులో పై అరలో పెట్టవద్దు, ఒళ్లోనో కాళ్ల మధ్యనో పెట్టుకోండి.

ఖర్చు అడిగారు కనుక, ఈ మధ్య ఒక కుర్రవాడికి ఇదే తరహాలో చేసినప్పటి లెక్క చెబుతున్నాను: సూట్‌కేసు 300, ప్లై, కర్ర ముక్కలు 150, పెయింటు, స్క్రూలు, జిగురు 250, వెల్క్రో 150, అడాప్టర్లు రెండూ డైసీ చైన్‌తో కలిపి 800, జాక్‌లు, కేబుల్ 550, ఫోమ్, నవారు, కుట్టు కూలి 150. మొత్తం 2,350 రూపాయలు. రంపం, సోల్డరింగ్ ఐరన్ నావే. అవి మీకు లేకపోతే కోత పని దుకాణంలోనే చేయించుకోండి, ఐరన్ ఎవరినైనా ఒక పూటకు అడగండి.

చివరిగా వా పెడల్. అది సుమారు 25 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉంటుంది, దానికి చోటు వదలాలంటే బోర్డు, సూట్‌కేసు, బరువు అన్నీ ఒక మెట్టు పెరుగుతాయి. ఇంకా కొనని పెడల్ కోసం అంత మోయవద్దు. కొన్నాక దాన్ని పాత తువ్వాలులో చుట్టి గిటారు బ్యాగు జేబులో పెట్టుకుని, వేదిక మీద బోర్డుకు కుడిపక్కన నేల మీదే ఉంచి, గిటారు కేబుల్‌ను ముందు దానికి గుచ్చి, అక్కడినుంచి ట్యూనర్‌కు ఒక అర మీటరు కేబుల్ వేసుకోండి. అందుకే జాక్‌లు ఎనిమిది కాక పది కొనండి.